గేరుబాక్సు మార్చాక సెల్ఫ్ తిరగని మారుతి: ఎనిమిది రోజుల డైరీ

శనివారం, రాత్రి

గేరుబాక్సు బిగింపు మధ్యాహ్నం మూడున్నరకు పూర్తయింది. గేరు ఆయిల్ పోసి, యాక్సిళ్లు ఎక్కించి, చక్రాలు బిగించి, జాకీలు దించి, బ్యాటరీ తగిలించేసరికి ఐదయింది. అప్పుడు తాళం తిప్పితే బానెట్ కింద ఎక్కడో ఒక్కసారి ‘టక్’ అని వినిపించింది, అంతే. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి, హారన్ వీధి చివరిదాకా వినిపించేలా మోగుతోంది, హెడ్‌లైట్లు దేదీప్యమానంగా ఉన్నాయి, ఇంజను మాత్రం అంగుళం కదలడం లేదు. పదిసార్లు తిప్పితే పదిసార్లూ అదే టక్.

బండి వివరాలు ఒకసారి రాసి పెట్టుకుంటాను. ఇది నాన్నగారు కొన్న 1997 నాటి మారుతి 800. మూడు సిలిండర్లు, 796 సీసీ, కార్బురేటర్ ఇంజను, నాలుగు గేర్లు. రెండో గేరు వేస్తే గరగరమనడం మూడేళ్లుగా ఉంది. ఈ ఏడాది బేరింగు రొద కూడా తోడై, గజపతినగరం దాకా వెళ్లి వచ్చేలోగా చెవులు దిమ్మెక్కుతున్నాయి. అందుకని విశాఖపట్నంలో పాత బండ్లు విప్పి అమ్మే కొట్టులో ఇదే మోడల్ గేరుబాక్సు ఒకటి చూసి, ఇన్‌పుట్ షాఫ్టును (ఇంజను తిప్పుడును గేర్లకు అందించే ఇరుసును) చేత్తో తిప్పి, ఊపి, వదులు లేదని నమ్మకం కుదిరాక కొన్నాను. తర్వాతి మోడళ్లలో వచ్చిన ఐదు గేర్లది పెట్టించుకోమని సలహా ఇచ్చినవారు చాలామందే ఉన్నారు గానీ, నాన్నగారి బండిని ఆయన నడిపినట్టుగానే ఉంచాలన్నది నా పట్టుదల.

తెచ్చిన పెట్టె మీద అల్యూమినియం బూజు తెల్లగా పేరుకుని ఉంది. ఐటీఐలో మోటారు మెకానిక్ కోర్సు చదువుతున్న మా మేనల్లుడు దాన్ని కిరసనాయిలుతో కడిగి, వైరు బ్రష్‌తో రుద్ది, వెండి రంగు స్ప్రే రెండు కోట్లు కొట్టాడు. పైడితల్లి పండగకు వెల్ల వేసిన గోడలా మెరిసిపోయింది. వాడి పనితనం చూసి నేనూ ముచ్చటపడి ఫొటో తీశాను. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కొత్తవి వేశాం. గేరుబాక్సు దింపాక అవి పాతవే మళ్లీ పెట్టడం పిసినారితనం కిందికి వస్తుంది.

ఈ రాత్రికి ఇక ముట్టుకోను. చేతులు వణుకుతున్నాయి.

ఆదివారం

తెల్లారగానే మొదటి అనుమానం బ్యాటరీ మీదికి పోయింది, ఎవరికైనా అటే పోతుంది. మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు చూపించింది. నా బండిలో ఉన్నది 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ, కొని ఏడాదిన్నర అయింది. వోల్టేజీ బాగున్నంత మాత్రాన బ్యాటరీలో సత్తువ ఉన్నట్టు కాదు కాబట్టి, ఎదురింటి వారి కారు తెచ్చి పక్కన ఆపి, జంపర్ తీగలను బ్యాటరీకి బ్యాటరీ కలిపి చూశాం. అదే టక్.

తర్వాత నెట్టి చూశాం. మా వీధి కొంచెం పల్లంగా దాసన్నపేట రోడ్డు వైపు దిగుతుంది. మేనల్లుడూ, క్రికెట్ ఆడుకుంటున్న ఇద్దరు పిల్లలూ వెనక నుంచి తోస్తుండగా రెండో గేరులో క్లచ్ వదిలితే, ఇంజను రెండు దగ్గులు దగ్గి అందుకుంది. గేర్లు నాలుగూ మెత్తగా పడుతున్నాయి, రొద లేదు. అంటే పెట్రోలు, ప్లగ్గులు, కొత్త గేరుబాక్సు అన్నీ సవ్యంగానే ఉన్నాయి, ఇంజనును మొదట తిప్పే సెల్ఫ్ మోటారు ఒక్కటే పడుకుంది. ఇంజను నడుస్తుండగా, బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ ఎంత ఇస్తోందో చూద్దామని బ్యాటరీ మీద మీటరు పెడితే 13.4 వోల్టులు వచ్చింది. ఈ బండిలో ఇది ఎప్పుడూ 14.2 దగ్గర ఉండేది. ‘పాత ఆల్టర్నేటర్ కదా’ అనుకుని ఆ అంకెను కాగితం మీద రాసుకుని వదిలేశాను. కాగితం మీద రాసుకోవడం ఒక్కటే ఆ రోజు నేను చేసిన తెలివైన పని.

సోమవారం

కాలేజీ అయ్యాక నెల్లిమర్ల రోడ్డులో షెడ్డు ఉన్న మేస్త్రి దగ్గరికి వెళ్లాను. నాన్నగారి కాలం నుంచీ ఈ బండి ఎరిగినవాడు. నేను చెప్పింది సగం విని, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, “సెల్ఫ్ ఎల్లిపోనాది మేస్టారూ. గేరుబాక్సు దించినప్పుడు సెల్ఫ్ ఇప్పుతారు గదా, ఏటో దెబ్బ తగిలుంటాది. ఇప్పి అట్టుకురండి, ఓపాలి సూద్దాం” అన్నాడు. మాటలో న్యాయం లేకపోలేదు. ఈ బండికి సెల్ఫ్ మోటారు గేరుబాక్సు బెల్ హౌసింగుకే (క్లచ్‌ను కప్పే గంట ఆకారపు భాగానికే) బిగిసి ఉంటుంది. పెట్టె దించాలంటే దాన్ని విప్పక తప్పదు, విప్పినప్పుడు మేం దాన్ని రెండు రోజులు నేల మీదే పడేశాం కూడా.

మంగళవారం

సెల్ఫ్ విప్పాను. విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయడం మరిచిపోకూడదు. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు వచ్చే లావుపాటి తీగకు మధ్యలో ఫ్యూజు ఉండదు, స్పానర్ ఒకసారి బాడీకి తగిలిందంటే స్పానరే ఫ్యూజు అవుతుంది.

మేస్త్రి దగ్గరికి పట్టుకెళ్లేలోగా వరండాలో మనమే ఒకసారి చూద్దామన్నాడు మేనల్లుడు. గోనె పట్టా మీద సెల్ఫ్ పెట్టి, వాడు కాలితో గట్టిగా తొక్కిపట్టాడు. జంపర్ తీగల్లో నల్లదాన్ని మోటారు ఒంటికి కరిపించి, ఎర్రదాన్ని లావు బోల్టుకు తగిలించి, చిన్న తీగతో సాలినాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్చి) టెర్మినల్‌ను తాకించగానే, పినియన్ (సెల్ఫ్ కొసన ఉండే చిన్న పళ్ల చక్రం) ముందుకు దూకి మోటారు గిర్రున తిరిగింది. వాడి కాలి కింద నుంచి ఎగిరి పడబోయింది కూడా. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ తిరిగింది. అయినా వెనక మూత తీసి, తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు చూశాను. సగానికి పైగా ఉన్నాయి, స్ప్రింగులు బిగువుగానే ఉన్నాయి. పినియన్ పళ్లకు కాస్త గ్రీజు రాసి మళ్లీ బండికి బిగించాం.

టక్.

నేల మీద తిరిగేది బండిలో ఎందుకు తిరగదు? ఆ రాత్రంతా నన్ను తొలిచింది ఈ ఒక్క ప్రశ్నే. దానికి జవాబు నేల మీద మేం చేసిన పనిలోనే ఉందని నాకు తట్టడానికి మరో రెండు రోజులు పట్టింది.

బుధవారం

నేల మీద తిరిగి బండిలో తిరగలేదంటే, బండిలో ఏదో దాన్ని పట్టి ఆపుతూ ఉండాలి. క్లచ్ తప్పుగా కూర్చుని ఇన్‌పుట్ షాఫ్టు బిగుసుకుందేమోనన్న భయం అప్పుడు పట్టుకుంది. ఆ పని నా చేతుల మీదుగా జరిగింది కాబట్టి భయానికి కారణం కూడా ఉంది. ప్లగ్గులు మూడూ విప్పి, న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి తిప్పాను. ఇంజను హాయిగా తిరిగింది. సెల్ఫ్ మళ్లీ విప్పి, ఆ కన్నంలోంచి టార్చి వేసి, పినియన్ పళ్లు కలిసే ఫ్లైవీల్ రింగ్ గేరు చుట్టూ పరిశీలించాను. పళ్లు అరిగిన చోటు గానీ, పినియన్ ఇరుక్కున్న గుర్తు గానీ లేదు. సెల్ఫ్ తిరిగి బిగించాను.

తర్వాత స్విచ్చి వైపు వెళ్లాను. తాళం దగ్గరి స్విచ్చి నుంచి సాలినాయిడ్‌కు వచ్చే సన్నని తీగ దగ్గర, తాళం తిప్పినప్పుడు బ్యాటరీ నెగటివ్‌తో పోల్చి చూస్తే 11.4 వోల్టులు వస్తున్నాయి. అసలు టక్ అన్న చప్పుడు వస్తోందంటేనే సాలినాయిడ్‌కు కబురు అందుతోందని అర్థం. ఆటోమేటిక్ గేర్ల బండి అయి ఉంటే, గేరుబాక్సు మార్చాక సెల్ఫ్ తిరగకపోతే మొదట వెతకవలసింది గేరు పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటే తప్ప స్టార్ట్ కానివ్వని స్విచ్చిని. కొన్ని మాన్యువల్ బండ్లలో క్లచ్ పెడల్ దగ్గర కూడా అలాంటిదే ఉంటుంది. అవి తెగిపోయిన బండిలో టక్ అనే చప్పుడు కూడా రాదు. నాన్నగారి బండికి ఆ హంగులేవీ లేవు. నా రోగం వేరు.

పెద్ద స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ లావు బోల్టును, మోటారు లోపలికి వెళ్లే రెండో బోల్టును కలిపి చూశాను. నిప్పురవ్వలు రాలాయి, మోటారు కొంచెం మూలిగి ఆగిపోయింది. ఈ పని మేస్త్రీలు అలవోకగా చేస్తారు గానీ, న్యూట్రల్‌లో ఉందని రెండుసార్లు చూసుకోకుండా, చేతికి ఉంగరం ఉంచుకుని చేస్తే ఆసుపత్రి ఖర్చు గేరుబాక్సు ఖర్చును మించుతుంది.

ఇక ఎర్తు, అంటే బ్యాటరీ నెగటివ్‌తో ఉండే కలయిక. అది గుర్తు రాలేదని కాదు, దాన్ని చూసిన తీరే తప్పు. మీటరును బీప్ మీద పెట్టి, ఒక సూదిని బ్యాటరీ నెగటివ్ పోస్టుకు, రెండో సూదిని సెల్ఫ్ ఒంటికి ఆనించాను. స్పష్టంగా బీప్ మంది. ఓమ్‌ల మీద పెడితే 0.3 చూపించింది. రెండు సూదులనూ ఒకదానికొకటి తాకిస్తే 0.2 చూపిస్తుంది ఈ మీటరు. తేడా 0.1 ఓమ్. ‘ఎర్తు భేషుగ్గా ఉంది’ అని రాసుకున్నాను. ఇరవై రెండేళ్లుగా ఇంటర్ పిల్లలకు ఓమ్ నియమం చెబుతున్న మనిషి రాసిన వాక్యం ఇది.

చీకటి పడ్డాక మేనల్లుణ్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, నేను బానెట్ కింద చెవి పెట్టి, వరసగా తిప్పమన్నాను. వాడు అలవాటుగా క్లచ్ తొక్కిపట్టి తిప్పుతున్నాడు. ఏడో ఎనిమిదో సారికి, “మావయ్యా, క్లచ్ బిగుసుకుంటోంది, పైకి రావట్లేదు” అన్నాడు. అదే సమయంలో నా ముక్కుకు ప్లాస్టిక్ కాలిన వాసన సన్నగా తగిలింది. టార్చి వేస్తే గేరుబాక్సు మీది క్లచ్ చేతికి వచ్చే కేబుల్ దగ్గర పొగ లాంటిది కనిపించి మాయమైంది. వేలితో తాకి వెంటనే తీసేశాను. కేబుల్ పై తొడుగు మెత్తబడి ఉంది, లోపలి ఉక్కు తీగ ఇస్త్రీపెట్టెలా కాలుతోంది.

క్లచ్ కేబుల్ ఎందుకు కాలాలి? అది కాలితో లాగే తాడు. దానిలో కరెంటుకు ఏం పని?

గురువారం

కాలేజీలో అర్ధసంవత్సర పరీక్షల పర్యవేక్షణ. రెండు పూటలా హాల్లో నిలబడే ఉన్నాను. పని ఏమీ చేయలేదు గానీ, నిలబడి నిలబడి క్లచ్ కేబుల్ సంగతి తేల్చుకున్నాను.

మనం ‘బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు కరెంటు వెళ్తుంది’ అంటాం, అక్కడితో వాక్యం ముగిస్తాం. వెళ్లిన కరెంటు అంతా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి రావాలి. సెల్ఫ్‌కు వెళ్లేది ఎర్ర తొడుగున్న లావుపాటి తీగ కాబట్టి అది అందరికీ కనిపిస్తుంది. తిరిగి వచ్చే దారికి తొడుగూ లేదు, రంగూ లేదు. మోటారు ఒళ్లే దాని నెగటివ్. ఆ ఒంటి నుంచి బెల్ హౌసింగుకు, బెల్ హౌసింగు నుంచి గేరుబాక్సు పెట్టెకు, పెట్టె మీది ఒక బోల్టు దగ్గర కలిసే నల్ల తీగకు, అక్కడి నుంచి బ్యాటరీకి. అంటే నేను మార్చింది గేర్లున్న పెట్టెను మాత్రమే కాదు, సెల్ఫ్ తీగలో ఒక మూరెడు ముక్కను కూడా మార్చాను. ఆ ముక్కకు మా వాడు రెండు కోట్ల రంగు వేశాడు.

ఆ దారి మూసుకుపోతే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. ఇంజనూ గేరుబాక్సూ రబ్బరు మౌంటుల మీద కూర్చుని ఉంటాయి కాబట్టి బాడీకి నేరుగా అంటవు. అంటేవి కొన్నే: ఆక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్, క్లచ్ కేబుల్. వాటి ఉక్కు తీగలు బాడీకి తగులుతాయి, బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు ఒక సన్న తీగ ఉంది. అలా సెల్ఫ్ కరెంటులో కొంత భాగం క్లచ్ కేబుల్ గుండా ఇంటిదారి పట్టింది, కేబుల్ కాలింది. లైట్లూ హారనూ బాగా ఉండటానికి కారణం కూడా ఇదే. వాటి ఎర్తు బాడీకి, సెల్ఫ్ ఎర్తు గేరుబాక్సుకు. లైట్లు బాగున్నాయి కదా అని ఎర్తు బాగుందనుకోవడం పక్కింట్లో నీళ్లొస్తున్నాయి కదా అని మన కుళాయి బాగుందనుకోవడం లాంటిది.

నేల మీద ఎందుకు తిరిగిందో కూడా తెలిసింది. జంపర్ తీగను సెల్ఫ్ ఒంటికే కరిపించాం. గేరుబాక్సు మధ్యలో లేనే లేదు.

శుక్రవారం, సాయంత్రం

ఈసారి బీప్ జోలికి పోలేదు. బీప్ మోగించడానికి మీటరు పంపే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. దానికి 0.1 ఓమ్ అడ్డే కాదు. సెల్ఫ్ అడిగేది వంద ఆంపియర్ల లెక్కలో. 80 ఆంపియర్లు 0.1 ఓమ్ గుండా పోవాలంటే అక్కడే 8 వోల్టులు ఖర్చయిపోతాయి, పన్నెండులో మోటారుకు మిగిలేదేమిటి? కాబట్టి కొలవవలసింది ఓమ్‌లను కాదు, భారం పడుతున్నప్పుడు రెండు చుక్కల మధ్య పడిపోయే వోల్టులను. మేనల్లుడు మీటరును ఆంపియర్ల మీద పెట్టి నేరుగా కరెంటే కొలుద్దామన్నాడు. వద్దన్నాను. అలాంటి మీటరు 10 ఆంపియర్ల దాకానే తట్టుకుంటుంది. వోల్టుల మీద పెట్టి సూదులు ఆనిస్తే మాత్రం ఏ ప్రమాదమూ లేదు.

ఇంజను అందుకోకుండా ఇగ్నిషన్ కాయిల్ తీగ తీసి పక్కన పెట్టి, క్లచ్ తొక్కకుండా న్యూట్రల్‌లో, ఒక్కోసారి మూడు సెకన్లకు మించకుండా తాళం తిప్పమన్నాను. కొలతలు ఇవి.

బ్యాటరీ రెండు పోస్టుల మధ్య: తిప్పకముందు 12.6, తిప్పినప్పుడు 11.8. ఈ అంకె ఆదివారమే తీసుకుని ఉంటే నాలుగు రోజులు కలిసొచ్చేది. బ్యాటరీ చచ్చి ఉంటే ఇది ఎనిమిదికో ఏడుకో జారిపోవాలి. బ్యాటరీ బాగుండి మోటారు బిగుసుకుని ఉంటే, అది విపరీతంగా కరెంటు లాగి అప్పుడూ బాగా దిగజారాలి. 11.8 దగ్గర నిలబడిందంటే బ్యాటరీకి ఇవ్వగల శక్తి ఉంది, అడిగేవాడి దాకా దారి లేదు.

బ్యాటరీ పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ లావు బోల్టుకు: 0.2. బాగుంది.

బ్యాటరీ నెగటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ ఒంటికి: 8.1.

ఆ అంకె చూసి మేనల్లుడు “మీటరు పోయిందా మావయ్యా?” అన్నాడు. పోలేదు. ఎర్తు వైపు మొత్తం కలిపి అర వోల్టు దాటకూడదన్నది గ్యారేజీల్లో వాడుకలో ఉన్న లెక్క. మాకు ఎనిమిది దాటింది.

తర్వాత ఆ దారిని ముక్కలు చేశాను. పోస్టు నుంచి దాని క్లాంపుకు సున్నా. క్లాంపు నుంచి నల్ల తీగ రెండో చివరన ఉన్న రాగి లగ్గుకు (బోల్టు దూరే కన్నమున్న బిళ్లకు) 0.05. లగ్గు నుంచి గేరుబాక్సు పెట్టెకు, రంగును స్క్రూడ్రైవర్ మొనతో గీకి లోహం కనిపించిన చోట సూది గుచ్చితే, 7.6. లగ్గుకూ ఆ గీత పడిన చోటుకూ మధ్య దూరం రెండంగుళాలు లేదు. పెట్టె నుంచి సెల్ఫ్ ఒంటికి దాదాపు 0.5.

ఖాయం చేసుకోవడానికి జంపర్ తీగ ఒక చివర బ్యాటరీ నెగటివ్‌కు, రెండో చివర ఇంజను బ్లాకు మీద రంగులేని ఒక బోల్టుకు కరిపించి తాళం తిప్పితే, ఆరు రోజులుగా మూగబోయిన ఇంజను తిరిగింది. మేనల్లుడు కేక వేశాడు. వంటింట్లోంచి మా ఆవిడ కూడా వచ్చి చూసింది.

జంపర్ తీసేసి, లగ్గు బిగించిన 12 నంబరు బోల్టు విప్పాను. లగ్గు కూర్చునే గుండ్రటి గద్దె మీద వెండి రంగు గాజులా గట్టిపడి ఉంది, దాని మీద లగ్గు అచ్చు వలయంలా పడింది. బోల్టు కన్నంలోకి కూడా రంగు తుంపర దిగింది, మర చుట్ల (థ్రెడ్ల) మధ్య బూడిదరంగు పొరలా కనిపిస్తోంది. ఏ రెండు మర చుట్ల దగ్గరో లోహం లోహానికి తగిలి ఉంటుంది. అంత సన్నని సందులోంచే ఇన్నాళ్లూ టక్ అనేంత కరెంటు దొర్లింది, ఆ సందునే నా మీటరు ‘బీప్’ అని మెచ్చుకుంది.

గద్దెను ఎమ్రీ కాగితంతో తెల్లని లోహం తేలేదాకా రుద్దాను. కన్నంలో ట్యాప్ (మర కోసే పనిముట్టు) తిప్పి మర చుట్లు శుభ్రం చేశాను. లగ్గు రెండు వైపులా రుద్ది, కింద పళ్లున్న వాషరు వేసి బిగించి, తేమ చేరకుండా పైన మాత్రమే కాస్త గ్రీజు పూశాను. మనది సముద్రపు గాలి తగిలే ఊరు, రుద్దిన అల్యూమినియం నెలలో మళ్లీ తెల్లబడుతుంది.

తాళం తిప్పితే ఇంజను తిరిగింది, కానీ బద్ధకంగా, చలికాలం పొద్దున్నే లేపిన పిల్లాడిలా. మళ్లీ కొలిచాను. లగ్గు నుంచి పెట్టెకు 0.03. పెట్టె నుంచి సెల్ఫ్ ఒంటికి ఇందాక 0.5 ఉన్నది ఇప్పుడు 0.9 అయింది. మేనల్లుడికి ఇది వింతగా తోచింది, ఒక చోట బాగు చేస్తే మరో చోట ఎలా చెడిందని. చెడలేదు. ముందు పెద్ద అడ్డంకి కరెంటును 80 దగ్గర ఆపింది కాబట్టి ఈ చిన్న అడ్డంకి దగ్గర అర వోల్టే పడింది. ఇప్పుడు పెద్దది పోయి కరెంటు దాదాపు రెట్టింపయింది, అదే అడ్డంకి దగ్గర పడే వోల్టులూ ఆ మేరకు పెరిగాయి. చెయ్యి తడి ఆరకుండానే సెల్ఫ్ మరోసారి విప్పాను. అది కూర్చునే బెల్ హౌసింగు ముఖం మీద కూడా అదే వెండి రంగు. ఇంత కరెంటునూ సెల్ఫ్ బిగించే రెండు బోల్టుల మీదే వదిలేసి, ముఖాల మధ్యలో రంగు తెర కట్టాం.

మేనల్లుడి ముఖం చిన్నబోయింది. “నాకు చెప్పి ఉంటే అక్కడ టేపు అంటించేవాణ్ని కదా” అన్నాడు. నాకే తెలియనిది వాడికి ఎలా చెబుతాను? బిగించేటప్పుడు ఆ ముఖాలు నా కళ్ల ముందే ఉన్నాయి, ఫొటో కూడా నేనే తీశాను.

శనివారం

ఉదయం సెల్ఫ్ ముఖం రుద్ది బిగించాక పెట్టె నుంచి సెల్ఫ్ ఒంటికి 0.06 వోల్టులు, నెగటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ ఒంటికి మొత్తం 0.17. తాళం తిప్పి తిప్పగానే అందుకుంది. నడుస్తుండగా బ్యాటరీ మీద 14.2. ఆదివారం నాటి 13.4ను నేను ఆల్టర్నేటర్ ముసలితనం కింద జమ కట్టాను. ఆల్టర్నేటర్‌కు కూడా ఎర్తు ఇంజను ఒళ్లే, అక్కడి నుంచి అదే గేరుబాక్సు, అదే రంగు పూసిన బోల్టు. కొన్ని ఆంపియర్ల చార్జింగు కరెంటు ఆ సందులోంచి దూరడానికి ముప్పాతిక వోల్టు పైచిలుకు పన్ను కట్టింది.

ఇంకో సంగతి. ఇంజను నుంచి బాడీకి ఒక అల్లిక పట్టీ ఉండాలి. వెతికితే బాడీ వైపు బోల్టుకు మూడంగుళాల తోకగా వేలాడుతూ కనిపించింది, మిగతాది ఎప్పుడో తుప్పు పట్టి తెగిపోయింది. అది ఉండి ఉంటే క్లచ్ కేబుల్ కాలేది కాదు. బహుశా సెల్ఫ్ కూడా కుంటుతూనైనా తిరిగేది, నాకు అసలు తప్పు ఎన్నటికీ కనిపించేదే కాదు. గంటస్తంభం దగ్గర ఆటో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టులో కొత్త పట్టీ కొనుక్కొచ్చి, రెండు చివర్లా లోహం తేల్చి బిగించాను. క్లచ్ కేబుల్ కూడా కొత్తది వేశాను. పాతదాన్ని వంచితే లోపలి ప్లాస్టిక్ గొట్టం కరిగి తీగకు అతుక్కుని కరకరమంది. బయటికి బాగానే కనిపిస్తోంది కదా అని ఉంచుకుంటే ఏ ఎత్తు బ్రిడ్జి మీదో తెగేది.

నెల్లిమర్ల దాకా వెళ్లి వచ్చాను. దారిలో షెడ్డు దగ్గర ఆపి, ఇంజను కావాలనే ఆపేసి, మేస్త్రి చూస్తుండగా మళ్లీ స్టార్ట్ చేశాను. సంగతంతా చెబితే కాసేపు గడ్డం గోక్కుని, “రంగేసినోడు ఏడీ?” అన్నాడు. పక్క సీట్లో ఉన్న మేనల్లుణ్ని చూపించాను. “ఐటీఐ గుంటడా? సోమారం నుంచి షెడ్డుకి రారా, ఏటి గీకాలో, ఏటి గీకకూడదో సూపిత్తాను” అన్నాడు. వాడు తల ఊపాడు.

ఇంటికొచ్చి రివర్స్ చేసుకుంటుంటే వెనక తెల్ల దీపం వెలగడం లేదు. రివర్స్ స్విచ్చి కూడా గేరుబాక్సు మీదే ఉంటుంది, దాని తీగల జోడు తగిలించామో లేదో ఇద్దరిలో ఎవరికీ గుర్తు లేదు. రేపు చూడాలి.